ఖాళీ కిటికీల పూలు

కిటికీ కిటికీకీ పూలు, ప్రతి పువ్వు వెనకా ఒక నవ్వు, అని రాశాడు మహానుభావుడు మా ఊరి గురించి, బెర్లిన్ పత్రికలో, రెండు పేజీలు, ఏ నవ్వు నాయనా, నువ్వు ఫోటో తీసుకున్న ఈ ఇల్లు రొట్టెల హాఫ్నర్‌ది, వాడు పోయి, పిల్లలు ఊరొదిలి, పొయ్యి చల్లారి ఎన్నేళ్ళయిందో, పూల వెనక ఉన్నది బూజూ, నీళ్ళ డబ్బా మోసుకొచ్చిన నేనూ, అబ్బ, ఈ మెట్లు మోకాళ్ళను తినేస్తున్నాయి, చూపిద్దామంటే డాక్టరేడీ, పాతాయన రిటైరయ్యాక ఆయన వైద్యం చేసే గదికి తాళమే, కొత్తవాణ్ణి పంపండి బాబూ అని ఊరంతా సంతకాలు పెట్టి పంపితే జిల్లా ఆఫీసు ఏమంది, పత్రికలో చూశాం, మీది కళకళలాడే ఊరు, ముందు అవసరమున్న ఊళ్ళు చూడాలి కదండీ, అంది, కళకళట, మొన్న మా ఆయన ఒట్మార్‌కి గుండెల్లో పట్టేసినప్పుడు, పక్కూరి అంబులెన్సు వచ్చేదాకా చెయ్యి పట్టుకుని కూర్చున్నదాన్ని నేను, ఆ పత్రికవాడు కాదు, ఒళ్ళు మండిపోతోంది నాకు.

మేయరు ఎవాల్ట్‌కి మాత్రం పండగే, ఆ రెండు పేజీలకూ పటం కట్టించి బీరు కొట్టులో తగిలించాడు, ఊళ్ళ పూలపోటీకి మార్కులేసేవాళ్ళు శనివారం వస్తున్నారు రోస్వితక్కా, ఖాళీ ఇళ్ళ తాళాలన్నీ నీ దగ్గరేగా, ఒక్క కుండీ కూడా వాడిపోకూడదు, అన్నాడు, ఏరా, ముందు డాక్టర్ని తే, తర్వాత బహుమతి తెద్దువుగాని, అంటే, నీ నోటికి జడిసేనక్కా ఏ డాక్టరూ రానిది, అని ఇకిలించాడు, బల్ల చుట్టూ అందరూ నవ్వారు, ఒట్మార్ కూడా, గుండె మీద చెయ్యేసుకుని మరీ నవ్వాడు, బుద్ధిలేని మనిషి, పైన పటారం లోన లొటారం అంటే ఈ ఊరే, ఎంత ఎర్రగా పూశాయో ఈ జెరేనియాలు, ముదనష్టపువి, నిరుటి కంటే బాగా, ఎరువేసిందెవరు, నేనే, ఎండిన రేకులు గిల్లిందెవరు, నేనే, ఆ పత్రికవాడు వస్తున్నాడని తెరలు ఉతికి కట్టింది కూడా.

నేనే.

మరి వాణ్ణెందుకు తిడుతున్నాను, కనిపించిందే రాశాడు, కనిపించేట్టు చేసిందాన్ని నేను, జబ్బు మనిషి బుగ్గలకు రంగు పూసి డాక్టరు రాలేదని ఏడుస్తున్నాను, ఇంకానా, ఇక చాలు, డబ్బా కింద పెట్టాను, కుండీలు ఒక్కొక్కటే లోపలికి లాగాను, తెర పీకేశాను, ఇంకా వీధి వీధంతా ఉంది, తాళాలూ ఉన్నాయి, రానీ శనివారం, బూజుతో సహా చూడనీ, ఖాళీ ఇల్లు ఖాళీగా కనపడితేగాని ఒట్మార్ చెయ్యి పట్టుకుని నాడి చూసేవాడు ఈ ఊరికి రాడు.