మనిషి కంటే ముందొచ్చిన చప్పట్లు

పొద్దున ఎనిమిదింటికి కొండల్ గోల్కొండ మెట్లు మొదలుపెడితే పైకి చేరేసరికి ఎనిమిదిన్నర. నడుమ రెండుసార్లు మోకాళ్లను తిట్టుకోవాలె, ఒక బీడీ తాగాలె. జహనుమా నుంచి రెండు బస్సులు మారి వచ్చే ఆ మనిషికి ఇరవై ఏండ్లుగా అదే కొలువు. కింద గుమ్మటం దగ్గర చెల్లె మొగుడు వైకుంఠం టూరిస్టుల ముందు మూడు చప్పట్లు కొడతాడు. ఆ చప్పుడు కొండంతా ఎక్కి పైన వినపడుతుంది. వినపడంగనే కొండల్ ఎర్రగుడ్డ ఊపుతాడు. కింద జనం నోరు తెరుస్తారు. సుల్తానుల కాలంలో శత్రువు వస్తున్నాడని పైకి కబురు మోసిన చప్పుడే ఇప్పుడు రెండిళ్ల పొయ్యి వెలిగిస్తుందన్నమాట!

పోయే ఘడియ దగ్గరపడ్డ గైడు చప్పట్లు మాత్రం మనిషి కంటే ముందే కోటకు వస్తాయి. పైనుంచి గుడ్డ ఊపి జవాబిస్తే ఆ చావు పిలుపు ఖాయం. కోటలో పనిచేసే అందరికీ, వాళ్ల ఇండ్లల్లో వాళ్లకూ ఇది తెలిసిందే. నాలుగేండ్ల కింద గైడు ఇస్సాకు చప్పట్లు అట్లనే వస్తే, పైన సోడాలమ్మే మున్నీ ఆ పొద్దే వాళ్లింటికి పోయి అన్నం వండిపెట్టి వచ్చింది. పొద్దుగూకే సరికి ఇస్సాకు లేడు.

ఆ గురువారం సన్నగా తుంపర. కొండల్ ఇంకా ఊపిరి తీసుకోనేలేదు, మూడు చప్పట్లు వినిపించాయి. మూడోది కొంచెం వదులు. అది వైకుంఠందే, ఆయన ఎడమచేతి వేలు వంకర. చెయ్యి దానంతటదే లేచింది, గుడ్డ ఊగింది. తర్వాత కిందికి చూస్తే గుమ్మటం ఖాళీ.

వెంటనే ఫోన్ కలిపాడు. "బావా, యాడున్నవ్?"

"పురానాపూల్ మీదున్న. ముంగట గొర్లమంద. లేటయిందని లొల్లి పెట్టకు. నీ చెల్లె సర్వపిండి చేసింది, గరంగరం తినకుండ ఎట్లొస్త?"

"ఇయ్యాల రాకు. ఇంటికి పో."

"పాగలైనవా ఏంది? సూర్యాపేట బస్సొచ్చే టైమైంది!" ఫోన్ కట్టయింది.

సోడాబుడ్లు సర్దుతున్న మున్నీ తలెత్తలేదు. "ఊపినవ్ గద అన్నా."

"ఇరవై ఏండ్ల అలవాటు మున్నీ. చెయ్యి లేసింది."

"ఇంటికి పంపితే ఏమొస్తది? ఇస్సాకన్న ఇంట్లనే పోయిండు. కోటకు ఒక్కరి చప్పట్లు కావాలె, ఎవరియని అడగదు. పైనుంచి నువ్వు కొడితే నీయి తీస్కుంటది."

"ప్రాణం?"

"ఉంటది. చేతుల చప్పుడే మల్ల రాదు. చప్పుడు లేనోన్ని కింద గైడుగ ఎవలు పెట్టుకుంటరన్నా? గీ మోకాళ్లతోని బతుకంత గీ మెట్లే."

కొండల్ మోకాళ్లను ఓసారి తడిమి చూసుకున్నాడు. గుడ్డ భుజాన వేసి, గోడ అంచుకు పోయి నిలబడ్డాడు. సుల్తాను కూర్చున్న చోటునుంచి నౌకరు చప్పట్లు కొట్టడం ఎన్నడూ లేదు. కొట్టాడు. మూడు.

ఆ చప్పుడు చెప్పులేసుకున్న మనిషిలా మెట్టు మెట్టు దిగిపోయింది. పావురాలు లేవలేదు. గుమ్మటం కింద ఆగింది. అక్కడ ఎవరూ లేరు, ఒక ఎర్రగుడ్డ మాత్రం మెల్లగా ఊగి, ఆగింది.

"తీస్కున్నది," అని మున్నీ ఒక సోడా కొట్టి అతని చేతికిచ్చింది.

తొమ్మిదింబావుకు వైకుంఠం వచ్చాడు. సూర్యాపేటోళ్లకు ముప్పైసార్లు చప్పట్లు కొట్టాడు, ఒక్క తుమ్ము కూడా రాలేదు.

సాయంత్రం బావా బామ్మర్దులిద్దరూ పురానాపూల్‌లో వైకుంఠం ఇంట్లో తినడానికి కూర్చున్నారు. చెవి దగ్గర దోమ గుయ్యిమంటే కొండల్ రెండు చేతులతో కొట్టాడు. దోమ చచ్చింది, చప్పుడు రాలేదు.

"ఏంది బామ్మర్దీ, దోమకు గూడ తెల్వకుండ కొడుతున్నవ్!" అని వైకుంఠం నవ్వి, పప్పులో ఉప్పు తక్కువైందని పెండ్లాం మీదికి మళ్లాడు.

వడ్డిస్తున్న చెల్లె రాజమణి గంటె పట్టుకుని అట్లనే నిలబడింది. అన్న చేతులు చూసింది, మొగుణ్ని చూసింది. కూర్చుని, కొంగుతో అన్న అరచేతులు రెండూ తుడిచింది, చంటిపిల్లలకు తుడిచినట్టు.

"ఇంకింత పెట్టనా అన్నా?" అన్నది.