సుక్రికి సోకిన గాలి

డుంబ్రిగుడలో మొగుణ్ణి వదిలేసి పుట్టింటికి వచ్చిన నాటి నుంచి సుక్రితో ఊళ్లో ఆడవాళ్లు మాట్లాడడం మానేశారు. ఊట దగ్గర ఆమె కుండ దించితే మిగతా కుండలు పక్కకు జరిగేవి. అన్నిటికన్నా ముందు జరిగేది పక్కింటి సోంబరి కుండ. మాఘం వెళ్లేసరికి సుక్రి ముంజేతి మీద గాట్లు కనబడ్డాయి. తనకు తానే చేసుకుంది.

అప్పుడు ఊరికి ఆమె మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది. అందరూ వచ్చి చెయ్యి చూశారు, నిట్టూర్చారు, సుక్రిని తప్ప ఇంట్లో అందరినీ పలకరించి వెళ్లారు.

రోగాలకూ ముహూర్తాలకూ ఊరికి పెద్దదిక్కయిన దిసారి బుధు చేటలో బియ్యం చల్లి చూశాడు.

"గెడ్డ నీళ్ల కాడి గాలి సోకినాది. నల్లకోడిని బలియ్యాల. గాట్లు మానీదాకా ఈ గుంటతోటి ఎవులూ మాటాడకండి. మాటాడితే మీకెక్కుద్ది."

ఈ మందు ఊరికి చాలా తేలిక, అప్పటికే వాడుతున్నదే. కోడి కూర బాగుందన్నారు. సుక్రికి ఆకులో వడ్డించి దూరంగా పెట్టారు. కొన్నాళ్లకే కొత్త గాట్లు. బుధు ఇంకో కోడి అడిగాడు, మాటలు మళ్లీ కట్టేశాడు.

"గట్టి గాలే!" అన్నాడు గొప్పగా.

చైత్ర పండుగకు డప్పులు మోగాయి. ఆడవాళ్లు వీపుల వెనక చేతులు పెనవేసుకుని థింసా ఆటకు బారు కట్టారు. గుమ్మంలో నిలబడి చూస్తున్న సుక్రికి బారు చివరనున్న ముసలి గాసమ్మ చెయ్యి చాచింది.

"రాయే గుంటా."

"అత్తా, గాలి నీకెక్కుద్ది!" అని అరిచాడు బుధు.

"ఎక్కనీరా. మా ఇంట్లో నాతోటి మాటాడీవోళ్లు లేరు. ఆ గాలైనా మాటాడతాది."

సుక్రి వచ్చి చివర నిలబడింది. బారు గుండ్రంగా తిరిగి, మొదట ఉన్న సోంబరి ఆమె పక్కకు వచ్చింది. చేయి కలపాలి. కలపకపోతే వలయం తెగుతుంది, ఆ ఏడు సామలు పండవు. గాలి భయానికీ పంట భయానికీ మధ్య కాసేపు నలిగి, సోంబరి చేయి కలిపింది.

"అడుగు తప్పీకే," అంది విసురుగా.

"తప్పుతున్నది నువ్వే. ఎడం కాలు ముందెయ్యి."

"ఓలమ్మ! దీనికి నోరుందే!"

మర్నాడు ఊట దగ్గర ఆ తగువే సాగింది. కుండలు జరగలేదు.

బుధు మాత్రం రెండో కోడి పనిచేసిందన్నాడు. వానల ముందు సుక్రి చేతి మీద ఇంకో గాటు కనబడగానే, మూడో కోడి కోసం చేట పట్టుకుని బయలుదేరాడు. అతనికన్నా ముందే సోంబరి వెళ్లి సుక్రి పక్కన చతికిలబడింది.

"ఏటయినాదే?"

ఈ మాట అంతవరకూ ఎవరూ అడగలేదు. సుక్రి చెప్పడం మొదలుపెట్టింది. బుధు వాకిట్లో కూర్చున్నాడు, చేటలో బియ్యాన్ని కోళ్లు తింటున్నాయి.