ఆఖరి ఫారం

ఆ ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది పిన్ని. యజమానితో సహా అందరికీ పిన్నే. ఆవిడ ఏ పుస్తకం దిద్దుతుంటే అందులోని మనుషులు వచ్చి ఎదురు బెంచీమీద కూర్చోవడం మామూలే. టీ తెచ్చే ఆమె వాళ్ళక్కూడా గ్లాసులు పెట్టి పోతుంది.

ఈసారి వచ్చినవాడు కిడ్నాపరు. చూస్తే చీమకైనా హాని తలపెట్టేలా లేడు. మిల్లు ప్రమాదంలో కూతురు పోతే, తప్పు తనదేనని మిల్లు యజమాని నోట అనిపించడానికి ఆయన పిల్లని ఎత్తుకొచ్చాడు. ఎత్తుకొచ్చినవాడు ఊరుకోకుండా దానికి జడలు వేశాడు, జ్వరమొస్తే మందు తాగించాడు.

అక్కడ పిన్ని కలం ఆగిపోయింది. ముప్పై ఏళ్ళుగా ఇలాంటివి దిద్దిన మనిషికి తెలియదూ? కిడ్నాపరు పిల్లకి జడ వేశాడంటే వాడికి నూకలు చెల్లినట్టే. ఆఖరి పదహారు పేజీల ఫారం తీసి చూసింది. అనుకున్నంతా అయింది. పిల్లని వాళ్ళింటి గేటు దగ్గర దించి చేతులెత్తి నిలబడతాడు. అయినా పోలీసులు కాల్చేస్తారు.

రచయితగారికి ఫోన్ చేసి బతిమాలింది. వాడు బతికిపోతే చదివేవాళ్ళు ఏడవరమ్మా, మీరు అక్షరాలు చూసుకోండి చాలు అని పెట్టేశాడాయన.

ఏం చేస్తుంది పాపం! కొట్టేయడానికి, కలపడానికి గుర్తులున్నాయిగానీ, మనిషిని బతికించే గుర్తు ఆవిడకెవరూ నేర్పలేదు. అయితే పిన్ని ‘అచ్చు వేయవచ్చు’ అని రాసి సంతకం పెట్టందే ఏ ఫారమూ మిషను ఎక్కదు. అంచేత దాన్ని సొరుగులో పడేసి, ఇంకా దిద్దుతున్నానని అందరికీ చెప్పింది.

మర్నాడు కిడ్నాపరు పక్కన పిల్ల కూడా వచ్చి కూర్చుంది. వారం గడిచేసరికి చిక్కి సగమైంది.

“అమ్మ దగ్గరికి ఎప్పుడు పంపిస్తారు?” అని పిన్నినే అడిగింది.

పిల్ల ఇల్లు చేరేదీ ఆ పదహారు పేజీల్లోనే. ఆ ముక్క పిన్నికి అంతవరకూ తట్టనే లేదు.

కిడ్నాపరే లేచి, సొరుగులోంచి ఫారం తీసి ఆవిడ ముందు పెట్టాడు.

“సంతకం పెట్టండి పిన్నీ.”

“నిన్ను చంపేస్తారు నాయనా.”

“తెలుసు. బిడ్డ కనపడకపోతే ఎలా ఉంటుందో కూడా తెలుసు.”

ఒక్క తప్పు దొరికినా రేపటిదాకా ఆపొచ్చని పిన్ని మొదటినుంచి చివరిదాకా మళ్ళీ చదివింది. దొరకలేదు. ఏడుస్తూనే సంతకం పెట్టింది. అతను కాగితాలు తీసుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని మిషను గదివైపు నడిచాడు.

పిల్ల మధ్యలో ఆగి వెనక్కి తిరిగింది.

“మామయ్య కూడా మా ఇంటికి వస్తాడా?”

“వస్తాడమ్మా,” అంది పిన్ని. “గేటు దాకా వస్తాడు.”