ఇరవై ఎనిమిది గడులు

హోటళ్ల దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో, ఇస్త్రీ సెక్షన్‌కి పెద్దక్కే పెద్ద. ఇరవయ్యేళ్ల సర్వీసు. మొదటేడు జీతంతో ఏడు రోజుల సెలవిచ్చారు. ఐదేళ్లకు పద్నాలుగు, పదేళ్లకు ఇరవై, ఇప్పుడు ఇరవై ఎనిమిది. ఏడు రోజులున్నప్పుడు ఇంట్లో మనిషి ఉన్నాడు. లారీ దిగొచ్చి, ఈమె డ్యూటీ నుంచి వచ్చేలోపు ఓ కునుకు తీసి, మళ్లీ లారీ ఎక్కేవాడు. ఇరవై ఎనిమిది చేతికొచ్చేసరికి మనిషే లేడు. ఈ రూలు రాసినవాడికి ఇల్లూ వాకిలీ లేవేమో!

సెలవుల గడులు ఏడాదికోసారి నల్లబల్ల మీద నింపుతారు. ఒక రోజుకి ఒక్కరికే సెలవు. సర్వీసు ఎక్కువున్నవాళ్లు ముందు రాసి, చాక్‌పీసు కిందివాళ్లకివ్వాలి. డ్యూటీ దిగే సైరన్ కొట్టేలోపు అవకపోతే ఆఫీసువాళ్లే తోచినట్టు నింపేస్తారు.

ఆ రోజు పెద్దక్క చాక్‌పీసు తీసుకుంది. రాయలేదు. చివర నిలబడ్డ కొత్తమ్మాయి వైపు చూసింది. ఆ పిల్ల మొగుడు ఎక్కడో దూరాన గనిలో పని. ఏడాదికి ఒక్క వారం, జూన్ మొదట్లో వస్తాడు. పోయినేడు వచ్చాడు, వెళ్లాడు. ఈ పిల్ల దుప్పట్లు మడతేస్తూనే ఉంది.

"ఇలా రా పిల్లా. ముందు నువ్వు రాయి."

"వరసుంది కదా పెద్దక్కా," అన్నాడు సూపర్‌వైజరు.

"వరస నాతోనే కదా సార్ మొదలు? ఈ పిల్ల రాసేదాకా నేను రాయను. నేను రాయందే ఎవరూ రాయకూడదు. కానివ్వండి మరి."

సర్వీసులో ఆమె తర్వాతివాడు గొణుగుడు బాబాయి. ఈసారి గొణగలేదు, అరిచాడు. "ఆ వారం ఎప్పుడూ నాదే! పద్దెనిమిదేళ్లు ఈ ఆవిరి మింగింది ఎందుకూ?"

"పోయినేడు ఆ వారం ఏం చేశావ్ బాబాయ్?"

"ఏం చేస్తాను? పడుకున్నా."

"జూలైలో నిద్ర పట్టదా నీకు?"

అందరూ ఘొల్లుమన్నారు. బాబాయి గడియారం చూశాడు. సైరన్‌కి ఏడు నిమిషాలుంది. "రాసి చావమను," అని తల తిప్పుకున్నాడు.

కొత్తమ్మాయి చాక్‌పీసు అందుకుంది. ఏడు గడులు నింపింది. మిగతావాళ్లు తోసుకుంటూ రాశారు. పెద్దక్కకి ఎవరికీ అక్కర్లేని వానాకాలం మిగిలింది.

"అన్ని రోజులు ఏం చేస్తావక్కా?" అంది ఆ పిల్ల మెల్లిగా.

"నీకెందుకే? అక్కడ దుప్పటి మాడుతోంది, చూసుకో."

వానాకాలం వచ్చింది. సెలవు మొదటి రోజు పెద్దక్క అలవాటు చొప్పున లేచి, జుట్టు ముడేసి, అన్నం డబ్బా పట్టుకుని గేటు దగ్గరికొచ్చేసింది. కార్డు పెడితే తలుపు తెరుచుకోలేదు. అప్పుడు గుర్తొచ్చింది.

"పోయినేడూ ఇంతే కదక్కా!" అని నవ్వాడు వాచ్‌మన్. ఆమె ముఖం చూసి నవ్వాపి, స్టూలు ఇటు జరిపాడు. "వాన కురుస్తోంది. తగ్గాక ఇంటికెళ్లు."

కాసేపటికి వాన తగ్గింది. పెద్దక్క లేవలేదు.

"వెళ్లవేం అక్కా?"

"వెళ్తాలే. సైరన్ కొట్టనీ."