పదో తేదీ లెక్క

ఫోన్‌కు వచ్చిన మెసేజ్‌లను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి మా అమ్మాయి తయారుచేసింది. నాకు చదువు రాని రోజుల్లో నా కోసమే మొదలుపెట్టింది. తర్వాత మా అక్క పెట్టించుకుంది. ఆ నోటా ఈ నోటా నాలుగు వందల మంది చేరారు. అమ్మాయి ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు.

ఒకరోజు ఆ మెసేజ్‌లు నడిపే కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. బయటి సాఫ్ట్‌వేర్ తమ నెట్‌వర్క్‌లోకి రావాలంటే ఇకనుంచి రుసుము కట్టాలట. పదో తేదీన దాని ద్వారా ఎంతమంది వస్తే, ఏడాదికి తలకింత.

"నాలుగు వందలకైతే ఎలాగో కట్టేస్తానమ్మా. మించితే మూసేయడమే," అంది అమ్మాయి.

ఆ మాట నాతో అన్నదే గాని, అందరికీ పంపిన కబురులో చెప్పలేదు. "పదో తేదీన కంపెనీవాళ్లు మనల్ని లెక్కపెడతారు" అని ఊరుకుంది.

అక్క అది విని నడుం బిగించింది. జనం పలచగా కనిపిస్తే తీసేస్తారనుకుంది. తను ఇస్త్రీ చేసే లాండ్రీలో ఒక్కరినీ వదల్లేదు.

"పదో తేదీన ఒక్కసారి మా అమ్మాయి సాఫ్ట్‌వేర్‌లోకెళ్లి రావే తల్లీ, నీ సొమ్మేం పోదు!"

మిగతావాళ్లూ అలాగే అనుకున్నట్టున్నారు. పదకొండో తేదీ పొద్దున అంకె చూసి అమ్మాయి కాఫీ ముట్టలేదు. పన్నెండు వందల ముప్పై ఆరు.

కంపెనీ ఆఫీసరుకు ఫోన్ చేసింది.

"వాళ్లు చుట్టపుచూపుగా వచ్చారండీ. మళ్లీ రారు."

"వచ్చారు కదమ్మా. మా మెషీన్‌కు చుట్టాలెవరో, ఇంటివాళ్లెవరో తెలీదు." ఆయన మర్యాదగానే మాట్లాడాడు. నెలాఖరు దాకా గడువిచ్చాడు.

అమ్మాయి ఎన్ని రకాలుగా కూడినా అంత డబ్బు తేలలేదు. నెలాఖరు మధ్యాహ్నం తన గొంతుతోనే అందరికీ సెలవు చెప్పి ఆపేసింది. ఇక అక్కకు మనవరాలి మెసేజ్ వస్తే ఎవరినో బతిమాలి చదివించుకోవాల్సిందే.

పావుగంటలో అక్క ఫోన్.

"ఏమే, నా చేతగానితనమేనా ఇదంతా? మనవాళ్లు చాల్లేదా?"

నేను నోరు తెరిచేలోపే అమ్మాయి ఫోన్ లాక్కుంది.

"నీదేం లేదు పెద్దమ్మా. వాళ్ల రేటే ఎక్కువ."

"నువ్వు నన్ను వెనకేసుకు రాకు. పక్కవీధి బేకరీ వాళ్లను కూడా పట్టుకుని ఉండాల్సింది. బద్ధకించాను."

అమ్మాయి నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను.

"పోనీలే పెద్దమ్మా," అంది.