పడుగు మీద కాయితం

రీడింగ్ రూం తలుపుకి తాళం వేలాడుతోంది. కొత్త తాళం.

సరోజన చేతిలో మడిచిన కాయితం ఉంది. మధ్యాహ్నం మిల్లు సైరన్ మోగేలోపు అది లోపలి గోడ మీదికి ఎక్కాలి. ఎక్కకపోతే ఆమె పేరు కొట్టేస్తారు. పందెం నియమం అది.

పందెం పెట్టింది దర్జీ లక్ష్మీనర్సయ్య. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది అది. వరంగల్‌లోని ఆ నేతగాళ్ల వాడలో రీడింగ్ రూం నడిపేది ఆయనే. కార్తీకమాసం పొడుగునా, పేరిచ్చిన ప్రతివాళ్లూ రోజుకో కాయితం రాసి గోడకి అంటించాలి. ఏం రాసినా సరే. ఒక్కరోజు తప్పితే అవుట్. గెలిచినవాళ్లకి బహుమతి కూడా లేదు.

"ఏమీ ఇయ్యనప్పుడు ఎందుకే ఈ తిప్పలు?" అని భర్త లింగమూర్తి మొదటిరోజే అడిగాడు. సరోజన దగ్గర అప్పుడు జవాబు లేదు. ఏడో తరగతితో బడి మానేసిన మనిషి, తప్పిపోయిన తమ మేక గురించి నాలుగు ముక్కలు రాసి అంటించి వచ్చింది. మర్నాడు బావి దగ్గర ఎదురింటి కట్టమ్మ బిందె దించి, "ఇంతకూ మేక దొరికిందా? సగంల ఆపినవేందే?" అని నిలదీసింది.

కాపురానికి వచ్చిన నాటి నుంచి, తర్వాత ఏమైందని ఆ గల్లీలో సరోజనని అడిగినవాళ్లు లేరు. జవాబు దొరికింది. ఇక ఆమె కలం ఆగలేదు.

నిన్నటి కాయితం మాత్రం కొంప ముంచింది.

"మా అత్తమ్మ తెల్లచీర కట్టుకోని బాయికి పోయి, నీలంచీరతోని ఇంటికొచ్చింది. వీరభద్రం అన్న రంగుల షెడ్డు నీళ్లు బాయిలకే వస్తాన్నయి. అద్దకానికి ఆయన పైస అడుగలే. మంచి మనిషి."

వాడంతా పడీ పడీ నవ్వింది. వీరభద్రం నవ్వలేదు. అక్కడి మగ్గాల్లో సగానికి నూలు ఇచ్చేది ఆయనే. రీడింగ్ రూం ఉన్నది కూడా ఆయన ఇంటి ముందుగదిలోనే. కాయితం చింపేశాడు. లింగమూర్తిని పిలిపించి, "నీ పెండ్లం పందెం బంద్ చెయ్యకపోతే నీకు నూలు బంద్" అన్నాడు. తెల్లారేసరికి తాళం కూడా వేశాడు.

"జర ఒక్కరోజు ఊకో సరోజనా," లింగమూర్తి బతిమాలాడు. "ఆయనే మరిచిపోతడు."

"ఒక్కరోజు ఊకుంటే నా పేరు పోతది. ఆయనకు కావల్సింది గదే."

"నూలు బందైతే ఏం తింటం?"

"ఇప్పుడు ఏం తాగుతానం? ముందు గా ముచ్చట చెప్పు."

సరోజన, తన దుకాణం ముందు నిలబడి చూస్తున్న దర్జీ వైపు తిరిగింది. "లక్ష్మీనర్సన్నా, గోడంటే గోడే కావాల్నా?"

"నలుగురు నిలబడి చదివే జాగైతే చాలు, చెల్లె."

ఆమె వీధిలోకి చూసింది. వీధి నడుమ లింగమూర్తి పడుగు సాగదీసి ఉంది. మగ్గం ఎక్కించే ముందు నిలువు పోగులన్నిటినీ నడుం ఎత్తున చాపలా పరిచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతారు. అది ఆరేదాకా ఎవరూ దాటరు, తాకరు. పెళ్లి ఊరేగింపైనా పక్క గల్లీలోంచి తిరిగి పోవాల్సిందే. ఎవరి చెయ్యి తగిలి పోగు తెగితే వాళ్లే అక్కడ కూర్చుని అతకాలి. ఎంత పెద్దమనిషైనా సరే.

పైగా ఆ నూలు వీరభద్రానిది.

సరోజన ఒక పొడుగాటి వెదురుబద్ద తెచ్చింది. దాని నడిమధ్య కాయితాన్ని దారంతో గట్టిగా కట్టింది. ఒక కొన తను పట్టుకుని, రెండో కొన పడుగు మీదుగా భర్తకి చాచింది.

"పట్టుకో."

లింగమూర్తి చేతిలో కుంచె ఉంది. తాళం వేసిన తలుపుకేసి చూశాడు. బావి గట్టున నీలంచీరలో కూర్చున్న తల్లి భాగ్యమ్మకేసి చూశాడు. కుంచె కింద పెట్టి కొన అందుకున్నాడు. ఇద్దరూ కలిసి బద్దని పోగుల మీద అడ్డంగా, మెల్లగా దించారు.

వీధి వీధంతా పడుగుకి రెండు పక్కలా మూగింది. అంతలో వీరభద్రం స్కూటర్ వచ్చి ఆగింది.

"తియ్యిండ్రి దాన్ని."

"పడుగు తడి మీదున్నది, బావా," అన్నాడు లింగమూర్తి.

ఇంకెవరూ కదలలేదు. వీరభద్రం తానే ముందుకి వంగి, చెయ్యి చాచి కాయితాన్ని గుంజాడు. కాయితం రాలేదు. బద్ద ఎగిరింది. పోగులు టప్ టప్‌మని తెగాయి.

భాగ్యమ్మ లేచి వచ్చింది. "పోగు తెగింది, వీరభద్రం. కూసో."

"ఏందవ్వా, నాకే చెప్తవా?"

"మీ నాయిన కూసున్నడు బిడ్డా, గీ గల్లీలనే. నీకేం కొమ్ములొచ్చినయా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. వీరభద్రం చుట్టూ చూశాడు. అందరూ ఆయన నూలు నేసేవాళ్లే. ఒక్కరూ తల దించలేదు. ఇస్త్రీ పంచె పైకి ఎగదోసి, వీధిలో చతికిలబడి, తెగిన పోగుల కొనలు వెతుక్కున్నాడు. కాయితం ఆయన ముక్కు ముందే ఉంది. వెనకాల ఉన్నవాళ్ల కోసం కట్టమ్మ గొంతెత్తి చదివింది.

"నిన్నటి కాయితం చినిగింది. బాయి నీళ్లు ఇంక నీలంగనే ఉన్నయి. కాయితం చింపితే రంగు పోయేటట్టుంటే, రోజూ నేనే చింపుదు."

ఈసారి నవ్వు మిల్లు దాకా వినబడి ఉంటుంది. ఆ నవ్వు మీదే సైరన్ మోగింది. లక్ష్మీనర్సయ్య తన దుకాణం తలుపు మీద సుద్దముక్కతో సరోజన పేరు రాసి, పక్కన టిక్కు పెట్టాడు.

వీరభద్రం ఆఖరి పోగు అతికి లేచాడు. "నువ్వొక్కదానివే రాస్తవా? నేను కూడ రాస్త. నీ సంగతంత రాస్త."

"రాయి అన్నా. పేరియ్యి. కని రోజూ రాయాలె. ఒక్కరోజు తప్పితే నిన్ను కూడ కొట్టేస్తరు," అంది సరోజన. "మరి దేనికి అంటిస్తవ్? గోడకు తాళమున్నది కద."

వీరభద్రం పళ్లు కొరికాడు. గంజి చేతితోనే జేబులోంచి తాళంచెవి తీసి దర్జీ మీదికి విసిరాడు. స్కూటర్ ఎక్కాక, ఓడిపోలేదని చెప్పడానికన్నట్టు వెనక్కి తిరిగాడు.

"నూలు మాత్రం బందే."

"బంద్ పెట్టుకో అన్నా," అంది సరోజన. "రేపటికి ఏం రాయాల్నా అని చూస్తాన."