జోగయ్యకు వేసిన మార్కులు

జోగయ్య జ్ఞాపకశక్తి భేషుగ్గా ఉందని చప్పట్లు కొట్టినవాళ్ళంతా వినండి. ఆ మార్కులు మార్తవి. ఒక్కటి కూడా ఆయనది కాదు.

బెంగళూరు యలహంకలో చర్చి హాల్లో పెద్దవాళ్ళకు మతిమరుపు పరీక్ష పెడితే భర్తను తీసుకెళ్ళింది మార్తే. అంతకు ముందువారం మనవరాలు శ్రీజను స్కూటర్ మీద బడికి తీసుకెళుతూ, రోజూ పోయే దారిలోనే తప్పిపోయాడాయన. "సుమ్నే, ఊరికూరికే భయపడ్తావమ్మా, ట్రాఫిక్‌లో ఎవరికైనా అవుతాది" అని కొట్టిపారేశాడు కొడుకు రాజేశ్. ఆడదాని మాటకు ఆ ఇంట్లో ఏనాడు విలువుంది గనక? అందుకే పరీక్ష.

"అంకుల్, ఈరోజు ఏ వారం?" అంది పరీక్ష చేసే అమ్మాయి. జోగయ్య భార్య వైపు తిరిగాడు. "శనివారం" అని మార్త అందించేసింది. అనకూడదని అన్న తర్వాతే తెలిసింది. ఆపైన కూడా ఆయన తడుముకున్న ప్రతిసారీ ఆమె పెదాలు వాటంతటవే కదిలాయి. చర్చి గుమ్మంలో ఎదురైనవాళ్ళ పేర్లు ఆయన చెవిలో వేసేది ఆమె. మాత్ర మింగాడో లేదో గుర్తుంచుకునేది ఆమె. ప్రార్థన మధ్యలో ఆయన మాట వెతుక్కుంటుంటే గట్టిగా ఆమేన్ అని పరువు కాపాడేది ఆమె. ఇద్దరి బుర్రలూ ఒక్కతే మోస్తుంటే, "ఇంట్లో ఊరికే ఉండావు గదా" అనేవాడు ఆ మనిషి. పరీక్ష చేసే అమ్మాయైనా ఆపిందా? వెనక వరుస చాంతాడంత ఉంది, మార్కులు వేసి పంపేసింది.

"నాన్న నీకంటే షార్ప్ ఉండాడు. నీకే చూపించాలేమో" అని నవ్వాడు రాజేశ్.

సోమవారం పొద్దున జోగయ్య హెల్మెట్ పెట్టుకుని స్కూటర్ ఎక్కాడు. శ్రీజ బడి సంచితో వెనక కూర్చుంది.

"ఎక్కడికి పోదాం తల్లీ?" అన్నాడు.

తాత ఎగతాళి చేస్తున్నాడనుకుని పిల్ల కిలకిలా నవ్వింది. రాజేశ్ కూడా నవ్వాడు. జోగయ్య మాత్రం మార్త కళ్ళలోకి చూశాడు, జనంలో తప్పిపోయిన పిల్లాడిలా. బడి పేరు ఆమె నాలుక చివరే ఉంది. పళ్ళు బిగించింది. చెప్పడం కంటే ఆపుకోవడమే కష్టమైంది.

"చెప్పవేమే మార్తా" అన్నాడాయన, గొంతు తగ్గించి.

ఆమె చెప్పలేదు. రాజేశ్ ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది.

అప్పుడు మార్త పోయి స్కూటర్ తాళం లాగేసింది, పిల్లను దింపింది.

"ఈరోజే మళ్ళా పరీక్ష చేయించప్పా. ఈసారి నేను రాను. నువ్వు పోయి మీ నాన్న పక్కన కూచో, నోరు మూసుకుని."